ఇంటి నెట్ మార్చాలనుకుంటున్నారా? గోదావరి జిల్లాల కుటుంబాలు ముందుగా చూసుకోవాల్సిన విషయాలు

రాత్రి తొమ్మిదిన్నర. రాజోలులోనో, నరసాపురంలోనో ఒక ఇల్లు. కువైట్‌లో ఉన్న కొడుకు డ్యూటీ దిగి గదికి చేరే సమయం అదే, అక్కడ సాయంత్రం ఏడు. అమ్మీ ఫోన్ పట్టుకుని కూర్చుంటుంది. కాల్ కలుస్తుంది, ముఖం కనపడుతుంది, రెండు మాటలు అయ్యేసరికి బొమ్మ ఆగిపోతుంది. "వినపడుతుందా? వినపడుతుందా?" అనుకుంటూనే పావుగంట గడిచిపోతుంది. చివరికి ఇంట్లో ఒక నిర్ణయం జరుగుతుంది: "ఈ నెట్ తీసేసి వేరేది పెట్టించుకుందాం."

నిర్ణయం తప్పు కాదు. కానీ తొందరపడి మార్చుకున్న చాలామందికి రెండు నెలల తర్వాత కొత్త కనెక్షన్‌లోనూ అదే కథ ఎదురవుతుంది. పాత కంపెనీలో కట్టిన డిపాజిట్ ఇరుక్కుపోతుంది. కొత్త కంపెనీకి ఆరు నెలల డబ్బు ముందే కట్టేసి ఉంటారు. అందుకే మార్చే ముందు ఏం చూడాలి, ఏ వరుసలో మార్చాలి అన్నది తెలుసుకోవడం మంచిది.

లోపం లైన్‌లో ఉందా, ఇంట్లో ఉందా?

మొదటి పని కంపెనీని తిట్టడం కాదు, జబ్బు ఎక్కడుందో కనిపెట్టడం. నెట్ ఆగిపోయినప్పుడు ఫోన్ తీసుకుని రూటర్ పక్కనే నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. వీలుంటే లాప్‌టాప్‌కు వైరు పెట్టి చేయండి. అక్కడ ప్లాన్‌లో చెప్పిన స్పీడ్ వస్తూ, వెనక గదిలోనో మేడ మీదో రాకపోతే లోపం కంపెనీది కాదు, వైఫైది. పాత ఇళ్ల మందపాటి గోడలు దాటేసరికి సిగ్నల్ బాగా తగ్గిపోతుంది. రూటర్‌ను టీవీ వెనకో, బీరువా మీద మూలనో పెడితే ఇంకా తగ్గుతుంది. దాన్ని ఇంటి మధ్యకు, కాస్త ఎత్తులో పెట్టి చూడండి.

రూటర్‌లో సాధారణంగా రెండు రకాల వైఫై ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరం పోతుంది కానీ స్పీడ్ తక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది స్పీడ్ ఎక్కువ కానీ గోడలు దాటలేదు. రూటర్ ఉన్న గదిలో రెండోది, దూరం గదుల్లో మొదటిది వాడుకోవాలి. ఈ మార్పుతోనే సమస్య తీరిపోయే ఇళ్లు చాలా ఉంటాయి.

రూటర్ పక్కన కూడా స్పీడ్ రాకపోతే అప్పుడు లైన్‌ను అనుమానించాలి. ఫైబర్ బాక్సు మీద ఎల్.ఓ.ఎస్. అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలుగుతుంటే వెలుతురు సిగ్నల్ ఇంటిదాకా రావడం లేదని అర్థం. ఎక్కడో ఫైబర్ తెగింది, లేదా మడత పడింది. ఎర్ర లైటు లేకుండా, పగలు బాగుండి రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య మాత్రమే నెమ్మదిస్తుంటే, ఆ వీధిలో ఒకే లైన్‌ను చాలా ఇళ్లు పంచుకుంటున్నాయని అనుకోవచ్చు. ఇది ఇంట్లో సరిచేసుకునేది కాదు.

ఒక వారం పాటు రోజుకు రెండుసార్లు, ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదిన్నరకు ఒకసారి స్పీడ్ చూసి కాగితం మీద రాసుకోండి. స్క్రీన్‌షాట్లు ఉంచుకోండి. ఈ కాగితం తర్వాత ఫిర్యాదుకు పనికొస్తుంది, కొత్త కంపెనీని ఎంచుకోవడానికీ పనికొస్తుంది.

గల్ఫ్ కాల్ విషయంలో ఒక మాట

అవతలి వ్యక్తి దుబాయ్, షార్జా, అబుదాబీల్లో ఉంటే మరో సంగతి గుర్తుంచుకోవాలి. యూఏఈలో వాట్సాప్ వాయిస్, వీడియో కాల్స్ మీద ఆంక్షలున్నాయి. అక్కడివాళ్లు బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లతో మాట్లాడుతుంటారు. కాబట్టి దుబాయ్ నుంచి వాట్సాప్ కాల్ కలవడం లేదని రాజమండ్రిలో కనెక్షన్ మార్చుకుంటే లాభం లేదు. ఇక్కడి నుంచి హైదరాబాద్‌లో ఉన్న చుట్టానికి అదే టైమ్‌లో వీడియో కాల్ చేసి చూడండి. అది శుభ్రంగా కలిస్తే మీ నెట్ బాగున్నట్టే.

ఇంకో సంగతి అప్‌లోడ్ స్పీడ్. మనం అవతలివాళ్లను చూడటానికి డౌన్‌లోడ్ కావాలి, వాళ్లు మనల్ని చూడటానికి మన అప్‌లోడ్ కావాలి. "మాకు నువ్వు బాగానే కనపడుతున్నావు, నీకే మేం కనపడటం లేదు" అనే ఇంట్లో చూడాల్సింది అప్‌లోడ్. ఫైబర్ ప్లాన్‌లలో సాధారణంగా రెండూ సమానంగా ఇస్తారు. టవర్ నుంచి వచ్చే కనెక్షన్లలో అప్‌లోడ్ తక్కువగా ఉండొచ్చు. అడిగి తెలుసుకోండి.

మన జిల్లాల్లో దొరికేవి ఏమిటి?

రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి పట్టణాల్లో ఎంపిక ఎక్కువ. బీఎస్‌ఎన్‌ఎల్ ఫైబర్, ఏపీ ఫైబర్‌నెట్, జియో, ఎయిర్‌టెల్, వీటికి తోడు స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా వచ్చే చిన్న కంపెనీలు ఉంటాయి. పల్లెల్లోకి వెళ్లేకొద్దీ ఇవి తగ్గి ఒకటో రెండో మిగులుతాయి.

ఏపీ ఫైబర్‌నెట్‌కూ కోనసీమకూ పాత సంబంధం ఉంది. జీడిపప్పుకు పేరున్న సఖినేటిపల్లి మండలం మోరి గ్రామంలో 2016 డిసెంబర్ చివర్లో ఇంటింటికీ ఈ కనెక్షన్ ఇచ్చే పని మొదలైంది. ఏడాది తర్వాత, 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ అని మొదట్లో ప్రకటించడంతో పల్లెల్లో బాగా పాకింది. తర్వాత ప్లాన్లు, ధరలు మారుతూ వచ్చాయి.

అంత తక్కువలో అంత వేగంగా వేయగలగడానికి కారణం, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగడం. లాభం ఎక్కడుందో నష్టమూ అక్కడే ఉంది. స్తంభం పడితే నెట్ కూడా పడుతుంది. ఇది ఒక్క ఏపీ ఫైబర్‌నెట్‌కే కాదు, మన వీధుల్లో స్తంభాల మీద వేలాడే ప్రతి వైరుకూ వర్తిస్తుంది.

వైరు లేకుండా టవర్ నుంచి సిగ్నల్ తీసుకునే ఎయిర్‌ఫైబర్ రకం కనెక్షన్లు దేశంలో 2023లో మొదలయ్యాయి. మేడ మీద ఒక డబ్బా బిగిస్తారు. ఫైబర్ లాగడం కష్టమైన లంక గ్రామాలకు, తోటల మధ్య ఉన్న ఇళ్లకు ఇది ఉపయోగం. కానీ టవర్‌కూ డబ్బాకూ మధ్య దట్టమైన కొబ్బరి తోట అడ్డుంటే సిగ్నల్ తగ్గుతుంది. టవర్ మీద జనం పెరిగితే స్పీడ్ తగ్గుతుంది. బిగించే మనిషిని ముందే ఇంటికి పిలిచి, మేడ మీద సిగ్నల్ ఎంత వస్తుందో కొలిచి చూపించమనండి. డబ్బు ఆ తర్వాతే.

స్పీడ్ ఎంత కావాలి, ఖర్చు ఎంత అవుతుంది?

ఒక వీడియో కాల్‌కు మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. టీవీలో మంచి క్వాలిటీ సినిమాకు ఐదు నుంచి ఎనిమిది, 4కే టీవీకి పాతిక దాకా కావాలి. అబ్బా ఫోన్‌లో వార్తలు, ఒక పిల్లకు ఆన్‌లైన్ ట్యూషన్, ఇంకొకరికి ఆన్‌లైన్ ఖురాన్ క్లాస్, అమ్మీకి వీడియో కాల్, హాల్లో టీవీ, ఇవన్నీ ఒకేసారి నడిచినా 30, 40 ఎంబీపీఎస్ ప్లాన్ సరిపోతుంది. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లుంటే 100 తీసుకోవచ్చు. 300, 500 అని చెప్పి అమ్మే ప్లాన్లు మామూలు ఇంటికి అవసరం లేదు.

ఎంబీపీఎస్ అన్నది మెగాబిట్‌లలో లెక్క. ఫైల్ సైజు మెగాబైట్‌లలో ఉంటుంది. ఎనిమిది బిట్‌లు ఒక బైట్. అంటే 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సెకనుకు ఐదు మెగాబైట్లే దిగుతాయి. "40 అన్నారు, ఐదే వస్తోంది" అని గొడవ పడేముందు ఈ లెక్క చూసుకోవాలి.

"అన్‌లిమిటెడ్" అన్న మాట వెనక కూడా ఒక హద్దు ఉంటుంది. చాలా కంపెనీలు నెలకు 3,300 జీబీ అని పెడతాయి. అది దాటితే స్పీడ్ తగ్గిస్తారు. అయితే ఇది మామూలు ఇంటికి తరగనంత డేటా. మంచి క్వాలిటీ వీడియో గంటకు సుమారు 3 జీబీ తింటుందనుకుంటే 1,100 గంటలు వస్తుంది. నెలకు ఉన్నదే 720 గంటలు. కానీ చిన్న కంపెనీల చవక ప్లాన్‌లలో ఈ హద్దు 100 జీబీయో 200 జీబీయో ఉండొచ్చు. అది మాత్రం తప్పకుండా అడగాలి.

ధర దగ్గర మరో కిటుకు ఉంది. ప్రకటనలో కనిపించే రేటు మీద 18 శాతం జీఎస్‌టీ వేరుగా పడుతుంది. 399 అంటే చేతి నుంచి పోయేది 471, 499 అంటే 589. దీనికి తోడు ఇన్‌స్టాలేషన్ ఖర్చు, రూటర్ డిపాజిట్, టీవీ చానళ్ల ప్యాక్. అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద రాసి రెండు కంపెనీలను పోల్చండి. ఆరు నెలలు, ఏడాది ఒకేసారి కడితే రూటర్ ఫ్రీ అంటారు. ఆ వీధిలో ఆ కంపెనీ సర్వీసు ఎలా ఉంటుందో తెలియకుండా ఏడాది డబ్బు కట్టడం మంచిది కాదు. మొదట ఒక నెల, లేదా మూడు నెలలు తీసుకుని చూడండి.

కంపెనీ పేరు కంటే లైన్ చూసే మనిషి ముఖ్యం

మన ప్రాంతంలో కంపెనీ పేరు పెద్దదే అయినా, ఇంటిదాకా వైరు లాగేది, తెగితే అతుకు వేసేది చాలాసార్లు స్థానిక కేబుల్ ఆపరేటరే. ఒకే ఆపరేటర్ రెండు కంపెనీల కనెక్షన్లూ ఇస్తుండొచ్చు. అప్పుడు కంపెనీ మార్చినా వచ్చేది అదే మనిషి, అదే స్తంభం, అదే ఆలస్యం.

అందుకే టీవీలో ప్రకటన చూసి కాకుండా, మీ వీధిలో మీ స్తంభం నుంచే కనెక్షన్ ఉన్న ఇద్దరు ముగ్గుర్ని అడగండి. "స్పీడ్ ఎంత?" అని కాదు, "పోయినసారి తెగినప్పుడు ఎన్ని రోజులకు వచ్చి బాగుచేశారు?" అని అడగండి. ఆపరేటర్‌ను కూడా సూటిగా అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆదివారం, పండగ రోజు తెగితే ఎవరొస్తారు? కరెంటు పోయినప్పుడు మీ వైపు బ్యాటరీ బ్యాకప్ ఎన్ని గంటలు? బాక్సు మాదా, మీదా? బిల్లు కంపెనీ పేరుతో వస్తుందా, చేతి కాగితమా? కంపెనీ యాప్‌లో మా పేరుతో అకౌంట్ ఉంటుందా? బిల్లు లేని కనెక్షన్‌కు రేపు ఫిర్యాదు చేసే దారి కూడా ఉండదు.

తుఫాను, వరద, కరెంటు కోత

గోదావరి డెల్టాలో నెట్ ఎంచుకోవడం హైదరాబాద్‌లో ఎంచుకున్నట్టు కాదు. 1996 నవంబర్ తుఫాను కోనసీమలో కొబ్బరి తోటలను ఎలా నేలకూల్చిందో పెద్దవాళ్లకు గుర్తే. 2022 జూలై వరదలో లంక గ్రామాలు నీళ్లలో ఉన్నాయి. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను ఈ తీరాన్నే దాటింది. ఇలాంటప్పుడు ముందు కరెంటు స్తంభాలు నిలబెడతారు, ఫైబర్ వంతు ఆ తర్వాతే వస్తుంది.

పాత రాగి తీగ ల్యాండ్‌లైన్‌కు కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్‌లో అలా కుదరదు. ఇంట్లో కరెంటు పోతే బాక్సు ఆగిపోతుంది, దానికి తగిలించిన ఫోన్ కూడా ఆగిపోతుంది. ఇన్వర్టర్ లేని ఇంట్లో రూటర్‌కు సరిపడే చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కొన్ని గంటలు నడుస్తుంది. కొనేటప్పుడు బాక్సు అడాప్టర్ మీద రాసిన వోల్టు, ఆంపియర్ చూసి దానికి తగ్గది తీసుకోవాలి.

ఇంటి నెట్ ఏ కంపెనీదైతే, ఇంట్లో కనీసం ఒక మొబైల్ సిమ్ వేరే కంపెనీది ఉండాలి. రెండూ ఒకేసారి పోయే అవకాశం తగ్గుతుంది. బయట ఉన్న పిల్లలు తుఫాను వార్త టీవీలో చూసి అక్కడ తల్లడిల్లుతుంటారు. "మేం బాగున్నాం" అన్న ఒక్క మెసేజ్ వెళ్లడానికి ఆ రెండో సిమ్ చాలు.

మార్చే వరుస

మొబైల్ నంబరును అలాగే ఉంచి కంపెనీ మార్చుకునే పోర్టింగ్ సౌకర్యం 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కు అలాంటిది లేదు. కొత్తది తీసుకుని, పాతది మనమే మూసేయాలి. పాతది దానంతట అదే ఆగిపోదు.

మొదట కొత్త కనెక్షన్ పెట్టించండి. పాతది వెంటనే తీసేయొద్దు. పది, పదిహేను రోజులు రెండూ ఉంచి, రాత్రి తొమ్మిదిన్నర పరీక్షలో కొత్తది నిలబడిందో లేదో చూడండి. ఆ కాస్త అదనపు ఖర్చు దండగ కాదు. పరీక్షల రోజుల్లోనో, పెళ్లి పనుల మధ్యనో మార్పు పెట్టుకోవద్దు.

కొత్త రూటర్‌కు పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే పెట్టించండి. పాతది ఆపేయగానే ఇంట్లో ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా వాటంతట అవే కొత్తదానికి తగులుకుంటాయి. రెండూ కలిపి పరీక్షించే రోజుల్లో మాత్రం పేర్లు వేరుగా ఉండాలి, లేకపోతే ఏది వాడుతున్నారో తెలియదు.

తర్వాత పాతదాన్ని మూసేయమని యాప్‌లోనో, మెయిల్‌లోనో, ఆఫీసులో కాగితం ఇచ్చో అడగండి. ఆపరేటర్‌తో నోటిమాటగా "తీసేయండి" అంటే సరిపోదు. పోస్ట్‌పెయిడ్ అయితే బిల్లు పడుతూనే ఉంటుంది. అభ్యర్థన నంబరు రాసుకోండి. బాక్సు తిరిగి ఇచ్చేటప్పుడు దాని సీరియల్ నంబరుతో రసీదు తీసుకోండి. బాకీ ఏమీ లేదని, డిపాజిట్ ఎప్పుడు వస్తుందని రాతలో అడగండి.

టీవీ, ఫోన్ కూడా అదే బాక్సు మీద నడుస్తుంటే, నెట్‌తో పాటు అవీ పోతాయి. 0883 లాంటి కోడ్‌తో ఏళ్లుగా ఉన్న ల్యాండ్‌లైన్ నంబరును దుకాణం బోర్డు మీదో, శుభలేఖల మీదో వేయించి ఉంటే, ముందు దాని సంగతి తేల్చుకోండి. బీఎస్‌ఎన్‌ఎల్ రాగి లైన్ ఉన్నవాళ్లు అదే నంబరుతో అదే సంస్థ ఫైబర్‌కు మారే వీలుందేమో ఆఫీసులో అడగొచ్చు.

కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది?

గల్ఫ్ కుటుంబాల్లో తరచుగా చిక్కు వచ్చేది ఇక్కడే. కనెక్షన్ ఇంటి యజమాని పేరు మీద, ఆయన ఇండియా సిమ్ నంబరుతో ఉంటుంది. ఆయన కువైట్‌లో ఉంటారు. ఆ సిమ్ రీచార్జ్ లేక ఆగిపోయి ఉంటుంది. ఇక్కడ ప్లాన్ మార్చాలన్నా, మూసేయాలన్నా, డిపాజిట్ తీసుకోవాలన్నా ఓటీపీ ఆ నంబరుకే వెళ్తుంది. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడే ఇక్కడ ఉండే మనిషి పేరుతో, ఆమె వాడే నంబరుతో, ఆమె ఆధార్‌తో తీసుకోండి. పాతది మూసేయాల్సి ఉంటే ఆయన సెలవు మీద వచ్చినప్పుడు ఆ పని ముగించండి.

మాట వినకపోతే ఎక్కడికి వెళ్లాలి?

ఫిర్యాదు ఎప్పుడూ కంపెనీ కస్టమర్ కేర్ నుంచే మొదలవ్వాలి. ట్రాయ్ 2012లో తెచ్చిన నిబంధనల ప్రకారం ప్రతి ఫిర్యాదుకూ ఒక డాకెట్ నంబరు ఇవ్వాలి. ఆపరేటర్‌కు ఫోన్ చేసి చెప్పింది ఫిర్యాదు కిందకు రాదు, ఆ నంబరు ఉన్నదే ఫిర్యాదు. అక్కడ తేలకపోతే కంపెనీలోనే ఉండే అప్పిలేట్ అథారిటీకి 30 రోజుల్లోగా అప్పీలు చేయొచ్చు. దీనికి ఫీజు లేదు. 39 రోజుల్లో తేల్చాలి. రోజుల తరబడి నెట్ లేకపోతే ఆ రోజుల డబ్బు బిల్లులో తగ్గించమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులను నేరుగా తీసుకోదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం కంపెనీల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ఐదు లక్షల లోపు విలువ ఉన్న కేసుకు ఫీజు లేదు. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు.

ఇంకో జాగ్రత్త. "ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, కేవైసీ చేయకపోతే రెండు గంటల్లో మీ నెట్ కట్ అవుతుంది" అని వచ్చే ఫోన్లు మోసం. ట్రాయ్ అలా ఎవరికీ ఫోన్ చేయదు. ఓటీపీ చెప్పొద్దు, లింకు నొక్కొద్దు. డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

కనెక్షన్ పెట్టించిన రోజే ఒక కాగితం మీద కస్టమర్ నంబరు, రిజిస్టర్ అయిన ఫోన్ నంబరు, వైఫై పాస్‌వర్డ్, బాక్సు సీరియల్ నంబరు, డిపాజిట్ ఎంత కట్టారో, ఆపరేటర్ ఫోన్ నంబరు రాసి ఇంటి కాగితాల ఫైల్‌లో పెట్టండి. ఇంట్లో అందరికీ అది ఎక్కడుందో తెలియాలి. ఎర్ర లైటు వెలిగిన రాత్రి అమ్మీ ఒక్కతే ఇంట్లో ఉన్నా, ఎవరికి ఫోన్ చేయాలో, ఏ నంబరు చెప్పాలో ఆమెకు తెలిసి ఉంటుంది.